బలమైన జట్టు ఏది? అమెరికా ఫుట్‌బాల్ చరిత్రలో ఒక తగవు

జనవరి మాసము వచ్చినదనిన అమెరికా దేశమున ఇంటింట ఒకటే వాదము. నెలల తరబడి ఆడిన ఫుట్‌బాల్ జట్లలో కొన్ని మాత్రమే తుదిపోటీలకు మిగులును. వానిలో బలవత్తరమైనది ఏది? పత్రికలవారు వరుసలు వేసి ప్రకటింతురు. రేడియోలోను టెలివిజనులోను వ్యాఖ్యాతలు గంటలకొలది తర్కింతురు. ఒక్క ఆట ఓడినచో ఇంటికి పోవలసినదే గనుక ఈ తర్కమునకు పదును హెచ్చు. దీనికి నూరేండ్ల చరిత్ర కలదు. విచిత్రమేమనగా, తొలి దినములలో ఛాంపియను ఎవరను ప్రశ్న ఆటస్థలమున గాక ఈ వాదములోనే తేలుచుండెను.

ముందుగా ఒక్క మాట. అమెరికావారి ఫుట్‌బాల్ మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. కోలగానుండు బంతిని చేతబట్టి పరుగెత్తుటయు, ముందుకు విసరుటయు, బంతి గలవానిని పట్టి పడవేయుటయు అందు ముఖ్యము. కాలి పని స్వల్పము. పేరు మాత్రము అట్లే నిలిచినది.

1920లో ఒహాయో రాష్ట్రమందలి కాంటన్ పట్టణమున, ఒక మోటారుకార్ల దుకాణములో, కొన్ని జట్లవారు సమావేశమై ఒక సంఘమును స్థాపించిరి. 1922లో దానికే నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అను పేరు వచ్చెను. మొదటి సంవత్సరమున ఎవరు ఎవరితో ఎన్ని ఆటలాడవలెనను కట్టుబాటే లేదు. ఆక్రన్ జట్టు 8 ఆటలు గెలిచి, 3 డ్రా చేసికొని, ఒక్కటియు ఓడలేదు. అయితే ఆ డ్రాలలో రెండు బఫెలో, డెకటూర్ జట్లతో జరిగినవి. తమను ఓడింపజాలని జట్టు తమకంటె గొప్పదెట్లగునని వారు అడ్డుచెప్పిరి. తుదకు 1921 ఏప్రిల్ 30వ తేదీన సభ్యులు కూర్చుండి, వోట్లు వేసి, ఆక్రన్‌కే ఆ గౌరవము నిచ్చిరి.

ఈ పద్ధతివలన అన్నిటికంటె ఎక్కువగా నొచ్చినది పాట్స్‌విల్. అది పెన్సిల్వేనియాలోని ఒక చిన్న బొగ్గుగనుల పట్టణము. 1925 డిసెంబరు 6న ఆ ఊరి జట్టు షికాగో నగరమునకు పోయి, అక్కడి కార్డినల్స్ జట్టును 21-7 తేడాతో ఓడించెను. ఆ యేటి బలాబలములు తేలిపోయినవని అందరును తలచిరి. కాని కొలదిదినములకే పాట్స్‌విల్ జట్టు ఫిలడెల్ఫియాలో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయపు పూర్వపు ఆటగాండ్రతో ఒక ప్రదర్శన ఆట ఆడెను. ఆ నగరము మరియొక జట్టు హద్దులోనిదనియు, ఆడరాదనియు లీగ్ అధ్యక్షుడు జో కార్ హెచ్చరించియే యుండెను. ఆట 9-7గా గెలిచిరి గాని, లీగ్‌నుండి సస్పెండయిరి. ఈలోగా కార్డినల్స్‌వారు తొందరతొందరగా మరి రెండు ఆటలు కుదుర్చుకొని గెలిచిరి. అందొకటి మిల్వాకీ జట్టుతో; ఎదుటిపక్షమున ఉన్నత పాఠశాల బాలురు కొందరు ఆడిరి! 59-0 అయినదనిన ఆశ్చర్యమేమి? కార్డినల్స్ యజమాని క్రిస్ ఓబ్రయన్ ఆ ఛాంపియను పదవిని స్వీకరించుటకు అప్పుడు నిరాకరించెను. అది ఆయన పెద్దరికము. అయినను లీగ్ పట్టికలలో నేటికిని కార్డినల్స్ పేరే కలదు. పాట్స్‌విల్‌వారు బొగ్గును చెక్కి తమ విజయచిహ్నమును తామే చేయించుకొనిరి. 1963లోను 2003లోను లీగ్ ఈ సంగతిని మరల విచారించి, మార్పు అక్కరలేదనెను. నియమభంగము జరిగినమాట నిజమే. దానికి శిక్షయు న్యాయమే. కాని శిక్ష వేరు, బలనిర్ణయము వేరు. ఈ రెంటిని ఒకే త్రాసులో తూచుటయే అక్కడ జరిగిన పొరపాటని నా అభిప్రాయము.

1932లో లెక్కలే తికమక పెట్టినవి. అప్పటి నియమము ప్రకారము గెలుపోటముల శాతమునే చూచెడివారు; డ్రాలు లెక్కకు రావు. షికాగో బేర్స్ 6 గెలిచి, 1 ఓడి, 6 డ్రా చేసికొనెను. ఒహాయో నదీతీరపు పోర్ట్స్‌మత్ 6 గెలిచి, 1 ఓడి, 4 డ్రా చేసికొనెను. రెండును సమానము! తమలో తాము ఆడిన రెండు ఆటలును డ్రాలే. అంతకుముందు మూడేండ్లు వరుసగా ఛాంపియనయిన గ్రీన్‌బే 10 గెలిచియు, 3 ఓడినందున వెనుకబడెను. అయితే చివరి రెండు వారములలో ఈ రెండు జట్లును గ్రీన్‌బేను ఓడించియున్నవి గనుక, దాని పక్షమున వాదించుటయు సులభము కాదు.

వోట్లతో పని లేక ఈసారి ఒక అదనపు ఆట ఆడింపదలచిరి. డిసెంబరు 18 రాత్రి షికాగోలో మంచు, ఓర్వరాని చలి. అందుచే ఆటను షికాగో స్టేడియమను కప్పుగల మందిరములోనికి మార్చిరి. అంతకుముందే అక్కడ సర్కస్ జరిగియుండెను. దానికై పరచిన మట్టి, దానితోపాటు జంతువుల వాసన, అట్లే యున్నవి. వంద గజముల మైదానము 80 గజములకు కుదిరెను. పోర్ట్స్‌మత్ ప్రధాన క్రీడాకారుడు డచ్ క్లార్క్ రానేలేదు. ఆయన కొలరాడోలోని ఒక కళాశాలలో బాస్కెట్‌బాల్ నేర్పు ఉద్యోగమునకు పోవలసివచ్చెను. జీతపు ఆటగానికి ఆ జీతము చాలని రోజులవి! బేర్స్ 9-0తో గెలిచిరి. గెలిపించిన విసరు నియమవిరుద్ధమని పోర్ట్స్‌మత్‌వారు మొరపెట్టిరి గాని సాగలేదు. ఆ ఆట జమఖర్చులలో చేరుటచే వారు మూడవ స్థానమునకు దిగజారిరి. 1934లో ఆ జట్టు డిట్రాయిట్‌కు తరలిపోయెను. ఊరికి ఆటయే లేకపోయెను.

జనులకు మాత్రము ఆ ఒంటి ఆట రుచించినది. 1933నుండి జట్లను రెండు విభాగములు చేసి, మొదటివారికి తుదిపోటీ పెట్టిరి. వాదము దీనితో ముగియునని తలచియుందురు. 1934లో బేర్స్ 13 ఆటలకు 13 గెలిచి, న్యూయార్క్ జెయింట్స్‌ను రెండుమార్లు ఓడించి, తుదిపోటీకి వచ్చిరి. గడ్డకట్టిన నేలపై న్యూయార్క్‌వారు, ఒక కళాశాలనుండి తెప్పించిన రబ్బరు అడుగుల బూట్లు తొడిగి, చివరి భాగములోనే 27 పాయింట్లు సాధించి, 30-13తో గెలిచిరి.

1940 ఆట మా వృత్తికి సంబంధించినది గూడ. రేడియోలో దేశమంతటికి ప్రసారమైన మొదటి తుదిపోటీ అదియే. వ్యాఖ్యాత రెడ్ బార్బర్. మూడు వారములకు ముందే వాషింగ్టన్ జట్టు బేర్స్‌ను 7-3తో ఓడించెను. దాని యజమాని వారిని ఏడ్పుగొట్టువారని హేళన చేసెను. బేర్స్ శిక్షకుడు జార్జ్ హలాస్ ఆ పత్రికా ఖండికలను తన ఆటగాండ్ర గదిగోడకు అంటించెనట. హోరాహోరీ పోరు విందుమని రేడియోల ముందు కూర్చుండినవారు విన్నది 73-0! ఆ మూడు వారములలో ఏ జట్టు బలము ఎంత మారినదో ఏ జాబితాయు ముందు చెప్పలేదు.

ఇటీవలి కాలమునను ఇదే కథ. 2007లో న్యూ ఇంగ్లండ్ జట్టు 16 ఆటలకు 16 గెలిచెను. వానిలో చివరిదానిలో ఓడిన న్యూయార్క్ జెయింట్సే, 2008 ఫిబ్రవరి 3న దానిని 17-14తో ఓడించిరి.

2020నుండి తుదిపోటీలకు 14 జట్లను తీసికొనుచున్నారు. వరుస నిర్ణయించునది నేటికిని గెలుపోటముల శాతమే. ఒక్క సవరణ మాత్రము కలదు: 1972నుండి డ్రాను అర విజయముగా లెక్కింతురు. ఆ లెక్క 1932లోనే యుండినచో గ్రీన్‌బేకు 75 శాతము, పోర్ట్స్‌మత్‌కు 73, బేర్స్‌కు 69 వచ్చెడివి. సర్కస్ మట్టిలో ఆ రాత్రి ఆటయే జరిగియుండెడిది కాదు.