వాల్యూమ్ గ్రూపు (యునిక్స్)

వాల్యూమ్ గ్రూపు అనగా యునిక్స్ తరగతికి చెందిన కంప్యూటర్లలో ఒకటి గాని, అంతకు మించి గాని డిస్కులను కలిపి, ఒకే నిల్వగా నిర్వహించుటకు ఏర్పరచిన సముదాయము. దీనిని నడిపే సాఫ్టువేరును లాజికల్ వాల్యూమ్ మేనేజర్ (ఎల్.వి.ఎం.) అంటారు. అవసరాన్ని బట్టి డిస్కులను చేర్చుతూ నిల్వను పెంచుకోగలగడం దీని ముఖ్య ప్రయోజనము. అయితే ఈ పెరుగుదలకు హద్దులు కలవు. వాటిలో పెక్కు గ్రూపును సృష్టించిన నాడే నిర్ణయమవుతాయి.

== నిర్మాణము ==

ఇందులో మూడు అంచెలు ఉన్నాయి.

* భౌతిక వాల్యూమ్: గ్రూపులో చేర్చిన ఒక్కొక్క డిస్కు. దీనిని సమాన పరిమాణము గల ముక్కలుగా విభజిస్తారు. ఈ ముక్కను ఏఐఎక్స్‌లో ఫిజికల్ పార్టిషన్ అనీ, హెచ్‌పీ-యూఎక్స్, లినక్స్‌లలో ఫిజికల్ ఎక్స్‌టెంట్ అనీ వ్యవహరిస్తారు.
* వాల్యూమ్ గ్రూపు: ఈ డిస్కుల సముదాయము.
* లాజికల్ వాల్యూమ్: గ్రూపులోని ముక్కలలో కొన్నింటిని కేటాయించగా ఏర్పడిన భాగము. ఫైల్ సిస్టమ్‌ను దీనిపైననే నిర్మిస్తారు.

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో భూమిని ఎకరాలు, గుంటలలో కొలుస్తారు. 40 గుంటలు ఒక ఎకరము. ఒక కుటుంబానికి వేర్వేరు చోట్ల గల చెలకలను ఒకే ఖాతాలో వ్రాసి, గుంటల లెక్కన వాటాలు పంచినట్లు ఊహిస్తే ఈ ఏర్పాటు సులభంగా బోధపడుతుంది. చెలక డిస్కు వంటిది, గుంట పార్టిషన్ వంటిది, వాటా లాజికల్ వాల్యూమ్ వంటిది. ఒకరి వాటా అంతా ఒకే చెలకలో ఉండనవసరము లేదు.

== చరిత్ర ==

ఐ.బి.ఎం. సంస్థ 1990లో ఆర్‌ఎస్/6000 యంత్రాలతో విడుదల చేసిన ఏఐఎక్స్ 3వ వెర్షన్‌లో ఈ పద్ధతి ఉన్నది. 1998లో హైన్జ్ మావెల్స్‌హాగెన్ హెచ్‌పీ-యూఎక్స్ నమూనాను అనుసరించి లినక్స్‌కు ఎల్.వి.ఎం. రచించాడు.

== పరిమితులకు కారణము ==

ఏ ముక్క ఏ లాజికల్ వాల్యూమ్‌కు చెందినదో తెలిపే పట్టిక డిస్కులపైననే భద్రపరచబడుతుంది. ఏఐఎక్స్‌లో దీనిని వాల్యూమ్ గ్రూప్ డిస్క్రిప్టర్ ఏరియా (వి.జి.డి.ఏ.) అంటారు. ఈ పట్టికకు కేటాయించిన స్థలము పరిమితము కనుక, అందులో వ్రాయగల ముక్కల సంఖ్య, డిస్కుల సంఖ్య కూడా పరిమితమే.

ఏఐఎక్స్‌లో గ్రూపు రకాన్ని బట్టి గరిష్ఠ పరిమితులు:

* సాధారణ గ్రూపు: 32 డిస్కులు, 256 లాజికల్ వాల్యూములు, 32,512 పార్టిషన్లు
* బిగ్ గ్రూపు: 128 డిస్కులు, 512 లాజికల్ వాల్యూములు, 1,30,048 పార్టిషన్లు
* స్కేలబుల్ గ్రూపు (5.3వ వెర్షన్, 2004): 1,024 డిస్కులు, 4,096 లాజికల్ వాల్యూములు, 20,97,152 పార్టిషన్లు

== ఉదాహరణ ==

సాధారణ గ్రూపులో ఒక్కొక్క డిస్కుకు 1,016 పార్టిషన్లు మాత్రమే అనుమతించబడతాయి. పార్టిషన్ పరిమాణము 4 మెగాబైట్లయితే, 1,016 × 4 = 4,064 మెగాబైట్లు. అనగా సుమారు 4 గిగాబైట్లకు మించిన డిస్కు ఆ గ్రూపులో చేరదు. పార్టిషన్ పరిమాణమును తరువాత మార్చుటకు వీలు లేదు.

9.1 గిగాబైట్ల డిస్కు సుమారు 8,678 మెగాబైట్లు. దానిని చేర్చుటకు సీహెచ్‌వీజీ ఆదేశముతో గుణకాన్ని 3గా మార్చవచ్చును. అప్పుడు డిస్కుకు 3,048 పార్టిషన్లు, అనగా 12,192 మెగాబైట్లు లభిస్తాయి. కాని గ్రూపులో చేర్చగల డిస్కుల సంఖ్య 32 నుండి 10కి తగ్గిపోతుంది. పట్టిక పెరగలేదు, దాని వరుసలను వేరు విధంగా పంచుకున్నాము, అంతే.

సాధారణ గ్రూపును బిగ్ గ్రూపుగా మార్చుటకు పట్టిక విస్తరించేందుకు డిస్కులపై కొంత ఖాళీ ఉండవలెను. స్కేలబుల్‌గా మార్చుటకు గ్రూపును ఆపవలసి ఉంటుంది. ఏ మార్గమూ లేనప్పుడు సమాచారాన్ని బ్యాకప్ తీసి, గ్రూపును తొలగించి, తిరిగి నిర్మించవలెను.

== ఇతర వ్యవస్థలు ==

హెచ్‌పీ-యూఎక్స్ తొలి విధానములో డిస్కుకు ఎక్స్‌టెంట్ల సంఖ్య 1,016గా గాని, తొలి డిస్కుకు సరిపోయేటట్లు గాని నిర్ణయమవుతుంది. తరువాత చేర్చిన పెద్ద డిస్కులో ఆ సంఖ్యకు మించిన భాగము వృథాగా మిగులుతుంది. 11ఐ వెర్షన్ 3లోని వీజీమాడిఫై ఆదేశము ఈ ఇబ్బందిని కొంతవరకు తొలగించింది.

లినక్స్ తొలి ఎల్.వి.ఎం.లో ఒక లాజికల్ వాల్యూమ్‌కు 65,534 ఎక్స్‌టెంట్లు పరిమితి. 4 మెగాబైట్ల ఎక్స్‌టెంట్‌తో ఇది సుమారు 256 గిగాబైట్లు. ఎల్.వి.ఎం.2లో ఈ పరిమితి లేదు.

== కోరము ==

ఏఐఎక్స్‌లో పట్టిక ప్రతులలో సగానికి మించి అందుబాటులో ఉంటేనే గ్రూపు పనిచేస్తుంది. రెండు డిస్కుల గ్రూపులో మొదటి దానిపై రెండు ప్రతులు, రెండవ దానిపై ఒక ప్రతి ఉంటాయి. కోరము నియమము అమలులో ఉండగా మొదటి డిస్కు చెడిపోతే, రెండవది బాగున్నా గ్రూపు ఆగిపోతుంది.

== జాగ్రత్తలు ==

* గ్రూపును సృష్టించునపుడు నేటి డిస్కును కాక, రాబోయే డిస్కులను దృష్టిలో ఉంచుకొని పార్టిషన్ పరిమాణమును ఎంచుకొనవలెను.
* డిస్కులను కలిపినంత మాత్రాన రక్షణ కలగదు. ఒక లాజికల్ వాల్యూమ్ అనేక డిస్కులపై విస్తరించి ఉంటే, వాటిలో ఏ ఒక్కటి చెడినా ఫైల్ సిస్టమ్ దెబ్బతింటుంది. రక్షణకు మిర్రరింగ్ అవసరము. ఏఐఎక్స్‌లో మొత్తం మూడు ప్రతుల వరకు ఉంచవచ్చును.
* మిర్రరింగ్ ఉన్నా పొరపాటున తొలగించిన ఫైలు తిరిగి రాదు. కావున ఏ మార్పుకైనా ముందు బ్యాకప్ తప్పనిసరి.

== ఇవి కూడా చూడండి ==

* యునిక్స్
* లినక్స్
* ఫైల్ సిస్టమ్
* హార్డ్ డిస్కు