ప్రవేశపరీక్షల శిక్షణ: దిద్దెడు చేతి చరిత్ర

పరీక్ష నెలకొన్న చోటనెల్ల దానికి సిద్ధపఱచు వృత్తియు నెలకొనుచునే వచ్చినది. చైనా సామ్రాజ్యమున సూయీ వంశపు చక్రవర్తుల కాలమున అంకురించి, 1905లో రద్దగు వఱకు ఇంచుమించు పదుమూడు శతాబ్దములు సాగిన ఉద్యోగపరీక్షల నాశ్రయించుకొని, అభ్యర్థులచే ధర్మగ్రంథములను వల్లె వేయించు గురువులును, పూర్వవిజేతల వ్యాసములను అచ్చొత్తించి అమ్ము వర్తకులును తరతరములుగా జీవించిరి. నేడు వ్యాపార విద్యాలయముల ప్రవేశపరీక్షకై ఏ ఆన్‌లైన్ కోర్సున చేరవలెనని ఆలోచించుచున్న మన యువకుని చేతిలోని ఫోనునకును, ఆ ప్రాచీన వర్తకుని అచ్చుపుస్తకమునకును నడుమ తెగని వంశానుక్రమము కలదు. ఆ చరిత్రను నెమ్మదిగా పరికించినచో ఒక్క సత్యము స్పష్టపడును: పాఠమును దూరమునకు చేర్చు సాధనము ప్రతి తరమునందును చౌకయగుచు వచ్చినది, విద్యార్థి వ్రాసినదానిని చూచి, తప్పెక్కడ పుట్టినదో కనుగొని దిద్దెడు చేయి మాత్రము ఎన్నడును చౌక కాలేదు. కోర్సుల తారతమ్యమును నిర్ణయించుటకు ఇంతకంటె నమ్మదగిన గీటురాయి నాకు కనబడలేదు.

మన దేశపు పాలనతో ముడిపడిన తొలి పోటీపరీక్ష లండను నగరమున జరిగినది. ఈస్టిండియా కంపెనీ కొలువున చేరగోరువారు డైరెక్టర్ల సిఫారసు సంపాదించి హెయిలీబరీ కళాశాలలో చదువుట పూర్వాచారము. 1854లో మెకాలే అధ్యక్షతన ఏర్పడిన సంఘము ఆ యాచారమును త్రోసిపుచ్చి బహిరంగపు పోటీని సూచింపగా, 1855లో తొలి పరీక్ష జరిగినది. హెయిలీబరీ కళాశాల 1858లో మూతపడినది. కళాశాల విడిచిన చోటును ప్రైవేటు శిక్షకులు శీఘ్రముగ ఆక్రమించిరి. పోవిస్ స్క్వేరునందు వాల్టర్ రెన్ నడపిన శిక్షణాలయము వానిలో పేరెన్నికగన్నది. ఈ తర్ఫీదు విద్య విద్యయే కాదని పండితులు కొందఱు ఈసడించినను, కుమారుని భవిష్యత్తును గూర్చి చింతించు తండ్రులు ఆ గుమ్మము త్రొక్కుట మానలేదు. 1863లో సత్యేంద్రనాథ ఠాకూరు ఆ పోటీలో నెగ్గిన తొలి భారతీయుడయ్యెను. కాని ఆ పరీక్ష మన గడ్డపై గూడ జరుగుటకు 1922 వఱకు వేచియుండవలసి వచ్చినది. ఓడ ప్రయాణమునకు, లండను బసకు, శిక్షకుని రుసుమునకు సొమ్ము కూడబెట్టగల కుటుంబములకే అంతవఱకు ఆ పోటీ అందుబాటులో నుండినది. శిక్షణ యొక గదిలో బంధింపబడి యున్నంతకాలము, ఆ గదికి చేరుకొనుటయే సగము పరీక్షగ నుండెను.

ఆ గదిగోడలను దాటు ప్రయత్నము అంతకు మునుపే తపాలాతో ప్రారంభమైనది. 1840లో బ్రిటనునందు ఒక్క పెన్నీకే జాబు దేశమంతటను చేరు పద్ధతి అమలులోనికి రాగా, బాత్ నగరమున నివసించుచుండిన ఐజాక్ పిట్‌మన్ తన సంక్షిప్తలిపిని తపాలా మూలమున నేర్ప మొదలిడెను. ఆయన చేసిన పనిలో పాఠమును పంపుట తేలికయైన భాగము. శిష్యులు బైబిలులోని భాగములను ఆ లిపిలో వ్రాసి పంపగా, వానిలోని తప్పులను దిద్ది తిరుగుటపాలో చేర్చుటయే ఆ పద్ధతికి ప్రాణము. మన వీధిబడులలో పిల్లవాని వ్రేలు పట్టుకొని ఇసుకలో ఓనమాలు దిద్దించిన పంతులుగారి చేయి, తపాలాసంచిలో కూర్చుండి ప్రయాణము చేసినట్లయినది. మన దేశమున ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లోను, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1972లోను ఇట్టి తపాలా విద్యను చేపట్టినవి. దేశమునందలి తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో మన తెలుగునాటనే వెలసినది, అదియే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము. ఉద్యోగము మానజాలని గుమాస్తాకును, ఇల్లు విడువజాలని గృహిణికిని ఈ సంస్థలు చేసిన ఉపకారము సామాన్యమైనది కాదు. అయినను పాఠముల కట్టను వేలమందికి ఒక్కసారిగ పంపవచ్చును గాని, వేలమంది వ్రాసిన కాగితములను ఒక్కసారిగ దిద్దుట యెవరికిని సాధ్యము కాదు.

వ్యాపార విద్యాలయముల ప్రవేశపరీక్ష వయస్సున చిన్నది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున వార్టన్ విద్యాలయము 1881లోను, హార్వర్డు వ్యాపార విద్యాలయము 1908లోను స్థాపితములైనను, వివిధ కళాశాలలనుండి వచ్చు పట్టభద్రులను ఒకే కొలమానముతో పరీక్షించు పద్ధతి 1954లోగాని అమెరికాలో అమలునకు రాలేదు. కొన్ని వ్యాపార విద్యాలయములు కూడి, ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ సహాయముతో ఆ సంవత్సరము ప్రారంభించిన పరీక్షయే 1976లో జీమ్యాట్ అను పేరు దాల్చినది. 1997లో అది కంప్యూటరుపైకి వచ్చి, అభ్యర్థి ఇచ్చిన సమాధానమును బట్టి తరువాతి ప్రశ్న కాఠిన్యమును మార్చుకొను స్వభావమును సంతరించుకొన్నది.

ఆ దేశమున శిక్షణవృత్తికి ఆద్యుడని చెప్పదగినవాడు స్టాన్లీ కాప్లాన్. 1938లో బ్రూక్లినునందు తన తల్లిదండ్రుల యింటి నేలమాళిగలో ఆయన ట్యూషను ప్రారంభించెను. కళాశాలా ప్రవేశపరీక్షలు సహజబుద్ధిని కొలుచునవి గనుక శిక్షణవలన వానియందు లాభము కలుగదని పరీక్షాసంస్థలు ప్రకటించుచుండిన కాలమది. కాప్లాన్ ఆ మాటను నమ్మలేదు. పరీక్ష ముగిసిన పిమ్మట శిష్యులకు విందు చేసి, ఏ ప్రశ్నలు వచ్చినవి, ఎక్కడ తడబడితిరి అని అడిగి, వారు చెప్పినదానిని తరువాతి తరగతికి పాఠముగ మలచుట ఆయన యలవాటు. ఆ విందులో రహస్యమంతయు ఇమిడియున్నది: శిక్షకుడు చెప్పినదానికంటె శిష్యుడు తడబడినదానికే అచ్చట విలువ హెచ్చు. 1979లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ జరిపి, శిక్షణవలన మార్కులు కొంతమేరకు పెరుగుచున్నవని తేల్చుటతో ఆ వృత్తికి గౌరవము కలిగినది. 1984లో కాప్లాన్ సంస్థను వాషింగ్టన్ పోస్ట్ కంపెనీ కొనివేసినది. నేలమాళిగలో పుట్టిన ట్యూషను ఒక్క తరములో పరిశ్రమయైనది.

మన దేశమున పూర్తికాలపు ఎం.బి.ఎ. విద్యకు నాంది పలికిన ఘనత వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు దక్కినది; 1957లో అచ్చట ఆ కోర్సు వెలసినది. 1961లో కలకత్తాలోను, అహమ్మదాబాదులోను ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ సంస్థలు పుట్టిన తరువాత, పరిమితములైన ఆ సీట్లకై దేశమంతటనుండి పట్టభద్రులు పోటీపడజొచ్చిరి. ఆ సంస్థల ప్రవేశపరీక్షయగు క్యాట్ పేరు ఇంటింటికి తెలిసినది. ఆ పోటీ వెంటనే శిక్షణయు వచ్చినది. 1977లో బొంబాయిలో ఐ.ఎం.ఎస్., 1992లో హైదరాబాదున టైమ్, 1995లో ఢిల్లీలో కెరీర్ లాంచర్ స్థాపితములైనవి. తెలుగు యువకుడు పోవిస్ స్క్వేరు వఱకు పోనక్కఱలేక, జంటనగరములలోనే అఖిలభారత పోటీకి సిద్ధపడు అవకాశము ఇట్లు కలిగినది. 2001లో హైదరాబాదునకు ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వచ్చుటతో జీమ్యాట్ సైతము అమెరికా పోవువారికే పరిమితము గాక మన యింటి పరీక్షయైనది. 2015లో విశాఖపట్టణమున ఐ.ఐ.ఎం. నెలకొన్నది.

ఆ కాలపు శిక్షణ స్వరూపమును ఎఱిగినవారు నేటికిని ఎందఱో కలరు. రుసుము చెల్లించినవానికి స్టడీ మెటీరియల్ కట్టలు కట్టలుగ ఇంటికి వచ్చెడిది. అంకగణితమునకొకటి, ఆంగ్లమునకొకటి, తర్కమునకొకటిగ పలుచని పుస్తకములు. ఆదివారమునాడు మాక్ టెస్టు. పెన్సిలుతో వృత్తములు నింపి కాగితము ఇచ్చివచ్చినవాడు, కొన్నినాళ్లకు గోడపై అంటించిన జాబితాలో తన పేరెక్కడ నున్నదో వెదకుకొని, పర్సెంటైల్ చూచుకొని, ఉల్లాసముతోనో విచారముతోనో ఇంటికి మరలెడివాడు. పలువురి శ్రద్ధ అచ్చటనే ఆగెడిది. కాని ఆ జాబితాను దాటి, మరునాటి తరగతిలో ప్రతి ప్రశ్నను చర్చించిన అధ్యాపకుని యొద్ద కూర్చున్నవానికి కలిగిన లాభము వేఱు.

ఒక్క ఉదాహరణము చాలును. ఒక వస్తువు వెలను 20 శాతము పెంచి, ఆ పెంచిన వెలను 20 శాతము తగ్గించినచో తుది వెల యెట్లుండునని ప్రశ్న. 100 రూపాయల వస్తువు మొదట 120 రూపాయలగును. 120లో 20 శాతము 24 గనుక తుది వెల 96 రూపాయలు, అనగా 4 శాతము తక్కువ. మార్పేమియు నుండదని వ్రాసినవాడు రెండవ 20 శాతమును గూడ మొదటి 100పైననే లెక్కించినాడు. 4 శాతము ఎక్కువ యని వ్రాసినవాడు లెక్క యెఱిగియు, తొందరలో దిశను తారుమారు చేసినాడు. ఇరువురికిని మార్కు దక్కదు. ఇరువురికిని ఒకే పరిష్కారపు వీడియో చూపబడును. కాని మొదటివానికి కావలసినది శాతముల పాఠము, రెండవవానికి కావలసినది నిదానము. ఈ భేదమును గుర్తించుటయే దిద్దుట. ఇది తెలియక మొదటివాడు మఱి యిరువది మాక్ టెస్టులు వ్రాసినను ఆ తప్పునే ఇరువది మారులు గట్టిపఱచుకొనును.

పాఠము తెరపైకి వచ్చిన చరిత్ర మన కన్నుల యెదుట జరిగినది. 2009లో క్యాట్ కాగితమును విడిచి కంప్యూటరుపై జరిగినది. తొలి దినములలో సాంకేతిక లోపములవలన ఎందఱో అభ్యర్థులు పరీక్ష వ్రాయజాలక తిరిగి వచ్చిరి. క్యాట్ శిక్షకుడుగ పేరొంది, పెద్ద సభామందిరములు నిండునట్లు బోధించిన బైజు రవీంద్రన్, ఆ సంవత్సరముననే ఉపగ్రహ సాధనముతో పలు నగరములకు ఒకేసారి పాఠము చెప్ప నారంభించెను. 2015లో వెలువడిన ఆయన సంస్థ యాప్ దేశమంతట వ్యాపించి, ప్రపంచ ప్రసిద్ధమగు నంతటి మూలధనమును గడించినది. 2024లో ఆ సంస్థపై న్యాయస్థానము దివాళా ప్రక్రియను ప్రారంభించినది. ఎంత గొప్ప పేరైనను, రుసుమంతయు ముందుగ చెల్లించువాడు సంస్థ ఆయుస్సును గూడ విచారింపవలెనని దీనివలన తెలియుచున్నది.

విజేతల ఫొటోలతో నిండిన ప్రకటనల సంగతియు నట్టిదే. ఒకే విజేత ముఖము మూడు సంస్థల ప్రకటనలలో కనబడుట మనవారికి క్రొత్త గాదు. ఆతడు చేరినది ఉచితపు మాక్ టెస్టులకో, ఇంటర్వ్యూ తరగతికో, పూర్తి కోర్సునకో చదువరికి తెలియదు. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ వెలువరించిన మార్గదర్శకములు ఈ దాపరికమును నిషేధించినవి: విజేత తీసికొన్న కోర్సేదో, అది రుసుము చెల్లించినదో కాదో ప్రకటనలో చెప్పవలెను, సీటు ఖాయమని హామీ యీయరాదు, విజయము తరువాత ఆతని యనుమతి లేక ఫొటోను వాడరాదు. ఈ నియమములను చేతబట్టుకొని ప్రకటనను చదువుట తల్లిదండ్రులందఱి హక్కు.

ఇంతటి చరిత్ర మన యువకునకు బోధించునదేమి? వీడియోల సంఖ్యను, గంటల లెక్కను చూచి మోసపోవలదు; పాఠము నేడు దాదాపు ఉచితము. పరీక్ష నడపువారే జీమ్యాట్ నమూనా పరీక్షలను, క్యాట్ నమూనా పరీక్షను ఉచితముగ అందించుచున్నారు; కాబట్టి మొదట వానిని వ్రాసి, తన బలహీనతను తాను తెలిసికొని, తరువాతనే కోర్సును విచారింపవలెను. జీమ్యాటునకు ఇప్పుడు మూడు విభాగములు, ఒక్కొక్కటి 45 నిమిషములు. క్యాటునకు మూడు విభాగములు, ఒక్కొక్కటి 40 నిమిషములు. కాని పాత పద్ధతికి కూర్చిన మెటీరియల్‌ను క్రొత్త అట్టతో అమ్మువారు లేకపోలేదు. అట్లే తెలుగు మాధ్యమమున చదివి వచ్చినవానికి గణితముకంటె ఆంగ్ల పఠనమే కఠినమైన మెట్టు. ఆ పఠనమును నెలల తరబడి ప్రతిదినము చేయించి, చదివినదానిని అడిగి తెలిసికొను అధ్యాపకుడు లేని కోర్సు వానికి ఎన్ని వీడియోలిచ్చినను ఫలము స్వల్పము. వీనియన్నిటి సారము ఒక్క ప్రశ్న: నేను తప్పు చేసినప్పుడు, ఎందుకు చేసితినని నన్ను అడుగు మనిషి ఈ కోర్సులో ఉన్నాడా? ఉన్నచో వారమునకు ఎన్ని మారులు, ఎంతమందికి ఒకడు? ఈ ప్రశ్నకు సూటిగ బదులీయని సంస్థకు రుసుము చెల్లింపవలసిన పని లేదు.

అట్టి కోర్సునకు సొమ్ము చాలనివాడు నిరాశ చెందనక్కఱలేదు, కాని వానిని ఒంటరిగ వదలుట సమాజమునకు తగదు. మన జిల్లా కేంద్ర గ్రంథాలయములలో ఉదయమునుండి రాత్రి వఱకు పోటీపరీక్షలకు చదువుకొను యువతీయువకులు నేడును బల్లల నిండ కూర్చుండియున్నారు. పాఠము వారి ఫోనులలోనే యున్నది. ఉపాధ్యాయవృత్తినుండి విరమించిన గణిత పండితులును, ఆంగ్ల పండితులును ప్రతి పట్టణమునందును కలరు. వారానికొక సాయంకాలము వారిలో ఒకరు ఆ బల్లల నడుమ కూర్చుండి, ఆ పిల్లల తప్పులను చూచి, కారణమడిగి దిద్దునట్లు గ్రంథాలయ సంస్థలు ఏర్పాటు చేసినచో, నూటయేబది యేండ్లకు పైగ ధనికుల యింటికే నడచిన ఆ విద్య పేదవాని బల్లకు గూడ చేరును. ఇందుకు క్రొత్త భవనములు గాని, గొప్ప యంత్రములు గాని అవసరము లేదు. పూనుకొనువారు మాత్రము కావలెను.