బ్రాకెట్లో పేర్లు

పాత రికార్డు చేతికొస్తే నేను ముందు చూసేది పాట పేరు కింద, బ్రాకెట్లో, చిన్న అక్షరాల్లో ఉండే పేర్లు. పాట రాసింది ఎవరో అక్కడే తెలుస్తుంది.

మిక్కీ మోస్ట్ 1969లో లండన్‌లో ‘ర్యాక్ రికార్డ్స్’ పెట్టాడు. సుజీ క్వాట్రోని డెట్రాయిట్ నించి తీసుకొచ్చిందీ ఆయనే. అప్పటికే ఆమె పద్నాలుగో ఏట నించీ అక్కచెల్లెళ్ళతో బ్యాండు కట్టి వాయిస్తోంది. 1973లో ‘క్యాన్ ద క్యాన్’, 1974లో ‘డెవిల్ గేట్ డ్రైవ్’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళాయి. రెండిటికీ బ్రాకెట్లో నిక్కీ చిన్, మైక్ చాప్‌మన్! 1981లో అదే కంపెనీ నించి కిమ్ వైల్డ్ ‘కిడ్స్ ఇన్ అమెరికా’ వచ్చింది, రెండో స్థానం దాకా వెళ్ళింది. రాసింది ఆమె నాన్నా, తమ్ముడూ.

గొంతు మనది, మాట వాళ్ళది అని చాలాకాలం కోపంగానే ఉండేదాన్ని. ఇప్పుడు ఆ కోపం సగమే మిగిలింది. ఎందుకంటే సుజీ ఉత్త మైకు ముందు నిలబడలేదు. తనంత ఎత్తున్న బేస్ గిటార్ భుజాన వేసుకుని, వెనక మగవాళ్ళని నిలబెట్టి, తనే వాయిస్తూ పాడింది. అది ఏ బ్రాకెట్లోనూ లేదు. కానీ అమెరికాలో జోన్ జెట్ అనే పిల్ల చూసింది. 1975లో ‘రనవేస్’ అని అందరూ ఆడపిల్లలే ఉన్న బ్యాండులో గిటార్ పట్టుకుంది. పాటలూ రాసింది.