హిప్నోటిజం చికిత్స: ఏ బాధకు ఉపశమనం? ఎక్కడ దాని హద్దు?

హిప్నోటిజం అనగానే రంగస్థలంపై ఇంద్రజాలికుని ఆజ్ఞలకు తలొగ్గే మనిషి గుర్తుకు వస్తాడు. వైద్యంలో దాని చరిత్ర వేరు. అందులో ఒక ముఖ్య ఘట్టం భారతదేశంలోనే జరిగింది.

1845లో బెంగాల్‌లోని హుగ్లీలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జేమ్స్ ఎస్డెయిల్, మత్తుమందు లేకుండా రోగులను గాఢమైన మైమరపులోకి తీసుకువెళ్లి శస్త్రచికిత్సలు చేశారు. బోదవ్యాధి వల్ల పెరిగిన భారీ కణితులను సైతం ఈ విధంగా తొలగించారు. నాడు ఈ పద్ధతిని మెస్మరిజం అనేవారు. ప్రభుత్వ సంఘం పరిశీలన అనంతరం, 1846లో కలకత్తాలో ఆయనకు ప్రయోగాత్మకంగా ఒక ఆసుపత్రిని కేటాయించారు.

అయితే అదే ఏడాది బోస్టన్‌లో ఈథర్, 1847లో ఎడింబరోలో క్లోరోఫామ్ శస్త్రచికిత్సలకు మత్తుమందులుగా ముందుకు వచ్చాయి. అవి నిమిషాలలో, దాదాపు అందరిపైనా పనిచేశాయి. మైమరపు కలిగించడానికి ఒక్కోసారి గంటలు పట్టేది. అది అందరికీ కలిగేదీ కాదు. ఈ పరిమితి నేటికీ తొలగిపోలేదు.

అసలు జరిగేదేమిటి?

చేతుల నుంచి ఒక అదృశ్య ద్రవం రోగిలోకి ప్రవహిస్తుందని మెస్మరిజం ఆద్యుడు ఫ్రాంజ్ మెస్మర్ వాదించారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్, లావోయిజర్ సభ్యులుగా ఉన్న ఫ్రెంచి రాజసంఘం 1784లో ఆ వాదనను తోసిపుచ్చి, ఫలితాలకు ఊహాశక్తే ప్రధాన కారణమని తేల్చింది. హిప్నోటిజం నిద్ర కాదు. ఒకే విషయంపై మనసు లగ్నమై, సూచనలను సులువుగా స్వీకరించే స్థితి అది. ఈ గుణం ఒక్కొక్కరిలో ఒక్కో స్థాయిలో ఉంటుంది.

ఆధారాలు ఏమంటున్నాయి?

తరచూ కడుపునొప్పి, విరేచనాలు లేదా మలబద్ధకంతో బాధించే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్‌లో దీనికి చెప్పుకోదగ్గ ఆధారాలున్నాయి. మాంచెస్టర్ వైద్యుడు పీటర్ వార్వెల్ బృందం 1984లో, ఇతర చికిత్సలకు లొంగని 30 మంది రోగులపై జరిపిన పరీక్షలో, హిప్నోథెరపీ పొందినవారు మిగిలినవారి కన్నా స్పష్టంగా మెరుగుపడ్డారు. మందులతో ఏడాదైనా గుణం కనిపించనివారికి ఇటువంటి మానసిక చికిత్సలను పరిశీలించాలని బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. నొప్పి, శస్త్రచికిత్సకు ముందు కలిగే ఆందోళన తగ్గించడంలోనూ ఇది తోడ్పడగలదు.

పొగతాగడం మాన్పించడంలో మాత్రం ఇతర పద్ధతులకన్నా ఇది మేలని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని 2019 నాటి కాక్రేన్ సమీక్ష పేర్కొంది. మరచిన సంఘటనలను వెలికితీసే ప్రయత్నంలోనైతే, జరగనివి జరిగినట్లు మనసులో నాటుకునే ప్రమాదం ఉంది.

ఏ జాగ్రత్తలు అవసరం?

హిప్నోటిజం నొప్పి తీవ్రతను తగ్గించవచ్చు గాని, కణితిని కరిగించదు, అంటువ్యాధిని నయం చేయదు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం వంటి లక్షణాలున్నప్పుడు ముందుగా వైద్య పరీక్షలు తప్పనిసరి. భ్రమలు, భ్రాంతులతో కూడిన మానసిక వ్యాధులున్నవారు మానసిక వైద్యుని సలహా లేనిదే దీని జోలికి వెళ్లరాదు. చికిత్స చేసే వ్యక్తి వైద్యుడో, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టో అవునా కాదా అన్నది ముందే విచారించుకోవాలి. వాడుతున్న మందులు మానేయమని చెప్పే చోట చికిత్స కొనసాగించకపోవడమే క్షేమం.