మన ఇంటి ఇడ్లీ పిండి లెక్క

పోయిన సంక్రాంతికి కే.వి.కుప్పం పోయినప్పుడు వరండాలో అందరం కూర్చోని టిఫిన్ తింటా ఉంటే పాత జగడం మళ్ళా లేచింది. పిండి ఇంట్లో రుబ్బుకునేదా, అంగడిలో కొనేదా? పెద్దనాయన ఎప్పుడూ చెప్పే మాటే చెప్పినాడు. "మీ అవ్వ ఉన్నన్నాళ్ళూ బయటి పిండి, బయటి పలహారం ఈ గడప తొక్కలేదు. అట్ల మిగిలిన దుడ్డుతోనే మేము చదివింది." అమెరికాలో ఉండే అక్క వీడియోలోనే నవ్వింది. ఆమె ఫ్రీజర్‌లో గడ్డకట్టిన ఇడ్లీలు ప్యాకెట్లు ప్యాకెట్లుగా ఉంటాయని అందరికీ తెలిసిందే.

నాకు ఉద్యోగం వల్ల వచ్చిన ఒక రోగం ఉంది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఎవరైనా "ఇది ఎప్పుడూ ఇట్లే పనిచేస్తుంది" అంటే, నిజంగానా అని చూడందే నిద్ర పట్టదు. అందుకని అటక మీద ఉన్న తాత జమాఖర్చు పుస్తకాలు దించమన్నాను. 1962 నుంచి 1974 వరకు ఉన్నాయి. కొన్ని పేజీలు చెదలు తినింది, ఒక సంవత్సరం వానకు తడిసి అచ్చుపోయింది. మిగతాది బాగానే ఉంది.

చదవడమే పెద్ద పని అయింది. తాత రాసిన భాష తెలుగు, అక్షరాలు మాత్రం తమిళం. మన పక్కన చాలా ఇండ్లలో ఇంతే. నోట్లో తెలుగు, చేతిలో తమిళం. నేను కన్నడ మీడియంలో చదివినదాన్ని, కాబట్టి తెలుగు అక్షరాలు పెద్దయినాక సులభంగానే వచ్చేసినాయి. తమిళం అట్ల కాదు. అందులో ప, బ రెండింటికీ ఒకటే అక్షరం, త, ద కూడా అంతే. జమ వైపు వారం వారం కనిపించే ఒక మాటను నేను రెండు రోజులు "పీడి కూలి" అని చదువుకుంటా కూర్చున్నాను. అత్త వచ్చి చూసి, "పీడి ఏంది, అది బీడీ కూలి. మీ అవ్వ చుట్టిన బీడీలది" అనింది.

ఆ మాట దగ్గరే ఈ లెక్కంతా తిరిగింది. అది చెప్పేముందు అప్పుడు ఇంట్లో ఏం తినేవాళ్ళో చెప్పాలి.

ఇడ్లీ మన ఇంట్లో దినామూ చేసే వస్తువు కాదు. పొద్దున సద్ది, మధ్యాహ్నం రాగి సంగటి, రాత్రి ఉంటే అన్నం. ఇడ్లీ, దోసె అంటే దీపావళి, సంక్రాంతి, ఉగాది, లేకపోతే అల్లుడు వచ్చిన రోజు. ఆ కాలంలో ఉత్తర ఆర్కాటు పల్లెల్లో చాలా ఇండ్లకు ఇదే మాట. ఇడ్లీ పాతదే, అందులో అనుమానం లేదు. మా బడిలో కన్నడ పాఠంలో వడ్డారాధనె పేరు వస్తుంది, శివకోట్యాచార్యుడు సుమారు 920 ప్రాంతంలో రాసిన గద్యం. 'ఇడ్డలిగె' అనే మాట దొరికే మొదటి పుస్తకాల్లో అది ఒకటి. కానీ ఆ ఇడ్డలిగెలో ఉద్దిపప్పే గానీ బియ్యం లేదంటారు. బియ్యం కలిపి, రుబ్బి, రాత్రంతా పులియబెట్టే మన ఇడ్లీ తర్వాతిది. బియ్యం కలిసినాక దాని అదృష్టం బియ్యం ధరకు కట్టుబడిపోయింది.

తాత పుస్తకంలో అది స్పష్టంగా కనపడుతుంది. 1965, 66 పేజీల్లో 'బియ్యం' అనే మాట తగ్గిపోయి 'నూకలు', 'గోదుమ రవ్వ' జాస్తి అవుతాయి. దేశమంతా తిండికి కరువు, అమెరికా గోధుమ ఓడల్లో వస్తా ఉండిన కాలం. 1967 ఎన్నికల్లో డీఎంకే రూపాయికి మూడు పడుల బియ్యం లక్ష్యం, ఒక పడి ఖాయం అని చెప్పి గెలిచింది. గెలిచినాక ఆ పడి బియ్యం చెన్నైలో, కోయంబత్తూరులో ఇచ్చినారు. తాత పుస్తకంలో మాత్రం ఆ సంవత్సరం కూడా నూకలే. బియ్యం లేకపోతే రవ్వతో ఇడ్లీ అనే ఉపాయం అంతకు ముందే ఒకసారి పుట్టి ఉండింది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా బియ్యం ఆగిపోయినప్పుడు రవ్వ ఇడ్లీ చేసింది తామేనని బెంగళూరు ఎంటీఆర్ వాళ్ళు చెప్పుకుంటారు. మా అవ్వకు ఎంటీఆర్ పేరు కూడా తెలిసి ఉండదు, ఆమె గోధుమ రవ్వతో ఉప్మానే చేసింది.

ఇప్పుడు బీడీ కూలికి వస్తాను. గుడియాత్తం చుట్టుపక్కల అగ్గిపెట్టెలు, లుంగీలు, బీడీలు, ఈ మూడింటితో ఎన్ని ఇండ్లు నడిచినాయో మీకు తెలుసు. బీడీ ఇంట్లో కూర్చోని చేసే పని. ఆకు, పొగాకు తెచ్చుకొని, కత్తిరించి, చుట్టి, దారం కట్టి ఇస్తే వెయ్యికి ఇంత అని కూలి. తాత దాన్ని ప్రతి శనివారం జమ వైపు రాసినాడు. ఎవరి కూలి అని పేరు లేదు. 'బీడి కూలి', అంతే.

ఖర్చు వైపు బియ్యం ఉంది, ఉద్దిపప్పు ఉంది, మెంతులు, నూనె, కట్టెలు అన్నీ ఉన్నాయి. రుబ్బిన కూలి అనేది యాడా లేదు. ఉండదు కూడా, ఇంట్లో మనిషికి కూలి ఎవరు రాస్తారు? కానీ ఆ రుబ్బింది, ఆ బీడీలు చుట్టింది ఒకే చేతులు. ఒక చెయ్యి ఒకే సమయంలో రెండు పనులు చెయ్యలేదు కదా. అందుకని పండుగ వారాల్లో బీడీ కూలి ఎంత పడిందో చూసినాను.

దీపావళి వారం సగానికి కొంచెం పైన. సంక్రాంతి వారం సగం కంటే తక్కువ. పిండి కొనలేదు, నిజమే. దుడ్డు ఇవ్వలేదు, అదీ నిజమే. కానీ రావలసిన దుడ్డు రాలేదు. మిగిలింది అని పెద్దనాయన చెప్పే దుడ్డులో కొంత అసలు జమకే రాలేదు.

ఇది ఫోన్‌లో చెప్తే పెద్దనాయన ఊరుకోలేదు. "పండుగకు బీడీ వాళ్ళు కూడా లీవు ఇస్తారు. కూలి పడకుండా ఎట్ల ఉంటుంది?" అన్నాడు. సరైన ప్రశ్నే. ఒకేసారి రెండు మారితే దేనివల్ల తగ్గిందో చెప్పలేము. అందుకే ఉగాది చూసినాను. తమిళ ఊరిలో తెలుగు ఉగాదికి ఎవరూ వారమంతా పని ఆపరు. పుస్తకాల్లో చదవగలిగిన ఉగాదులు పదకొండు. అందులో తొమ్మిది వారాల్లో కూలి పడింది. మిగతా రెండింటిలో పడలేదు. ఒకటి 1966, ఆ సంవత్సరం ఇంట్లో బియ్యమే లేదు. పండుగ లేకుండా కూడా కూలి పడిన వారాలు ఉన్నాయి, అవీ దాచను. జ్వరాలు, కాన్పులు, పొగాకు రాని రోజులు. అన్నిటికీ రుబ్బురోలే కారణం అని నేను చెప్పడం లేదు.

ఇంకొకటి దొరికింది. అత్త పుట్టిన నెలలో మూడు చోట్ల 'గుడియాత్తం ఓటల్ ఇడ్లి' అని ఉంది. అవ్వ మంచంలో ఉంటే తాత కొనుక్కొచ్చినాడు. బయటి పలహారం గడప తొక్కింది. పెద్దనాయన దీనికి ఏమీ అనలేదు.

రోలు దగ్గర ఎంతసేపు పట్టేది అని అమ్మను అడిగితే, "కిలో బియ్యానికి రెండు గంటలు. ఉద్దిపప్పు బాగా పొంగాలంటే ఇంకొంచెం. ఒక చేత్తో పొత్రం తిప్పాల, ఇంకో చేత్తో పిండి తోయాల" అనింది. అవ్వకు కుడి భుజం పైకి లేచేది కాదు, జడ వేసుకోవడానికి నన్ను పిలిచేది. చిన్నప్పుడు అది ముసలితనం అనుకున్నాను.

రోలు బాధ తీర్చింది ప్యాకెట్ కాదు, మిషను. కోయంబత్తూరులో సభాపతి అనే ఆయన 1955లో వెట్ గ్రైండర్ చేసినాడని చెప్తారు, ఇప్పుడు కోయంబత్తూరు గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మన ఇంటికి రావడానికి చాలా కాలం పట్టింది. రోలు తిప్పే మనిషి ఉచితంగా ఉన్నప్పుడు మిషనుకు దుడ్డు పెట్టడం ఎవరికి అవసరం అనిపిస్తుంది? 2011లో తమిళనాడు ప్రభుత్వం మిక్సీ, గ్రైండర్, ఫ్యాను ఉచితంగా ఇచ్చే పథకం పెట్టినప్పుడు మన వీధిలో చాలా ఇండ్లకు మొదటి గ్రైండర్ అదే. 2016 నుంచి రెండు నెలలకు 100 యూనిట్ల కరెంటు కూడా ఉచితం. దాంతో ఒక కొత్త వ్యాపారం పుట్టింది. పక్కింటామె పొద్దున రెండుసార్లు గ్రైండర్ వేసి, వాకిట్లో 'మావు' అమ్మడం మొదలుపెట్టింది. రుబ్బిన కూలి అనేది మన వీధిలో మొదటిసారి ఒక ధరగా కనపడింది అప్పుడే.

బియ్యం సంగతి ఇంకో తమాషా. 1911లో చిత్తూరు జిల్లా విడిపోక ముందు మనదీ వాళ్ళదీ ఒకటే ఉత్తర ఆర్కాటు, అందుకే బంధువులు రెండు పక్కలా ఉన్నారు. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు చిత్తూరు బంధువులు ఎంత గొప్పలు పోయినారో నాయన ఇప్పటికీ చెప్తాడు. 2008లో తమిళనాడులో రూపాయికి కిలో అయింది, 2011 జూన్ నుంచి ఉచితం. అప్పటికి గొప్పలు ఇటు పక్కకు వచ్చేసినాయి.

ప్యాకెట్ల చరిత్ర కూడా తిండి ధరల చరిత్రే. 1975 ఎమర్జెన్సీలో హోటల్ తిండిని చాలా తక్కువ ధరకు అమ్మాలని నిబంధన పెడితే, గిట్టుబాటు కాక ఎంటీఆర్ వాళ్ళు పొడి మిక్సుల వైపు తిరిగినారు. తడి పిండి ప్యాకెట్‌ను పెద్ద వ్యాపారం చేసింది ఐడీ ఫ్రెష్, 2005లో బెంగళూరులో ముస్తఫా, ఆయన బంధువులు చిన్న గదిలో మొదలుపెట్టినది. ఈ కంపెనీ పరోటా ప్యాకెట్ మీదే 2020లో కర్ణాటకలో పెద్ద చర్చ జరిగింది. రొట్టెకు 5 శాతం జీఎస్టీ, పరోటా రొట్టె కాదు కాబట్టి 18 శాతం అని తీర్పు ఇచ్చినారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి పరోటా మీద పన్నే లేదు. ఫ్రిజ్‌లో పెట్టే తిండి ధరలో పన్ను ఎంత అనేది కూడా చూసుకోవాలని నాకు అప్పుడే తెలిసింది.

ఇక ఇప్పటి లెక్క. సంక్రాంతి అయినాక బెంగళూరులో మా ఇంట్లో ఒకే ఇడ్లీ పాత్ర, ఒకే గరిటె పెట్టుకొని చూసినాను. కిలోల ధర చూస్తే మోసపోతాము, ఎందుకంటే పిండిలో సగం నీళ్ళే. ఇడ్లీకి ఇంత అని చూడాలి. కిలో ఇడ్లీ బియ్యం, పావుకిలో ఉద్దిపప్పు, మెంతులు, ఉప్పు అన్నీ కలిపి 87 రూపాయలు, 66 ఇడ్లీలు. అంటే ఒకటి రూపాయి 30 పైసలు. ఊర్లో పక్కింటామె మావు కిలో 45, అందులో 23 వస్తాయి, ఒకటి సుమారు 2 రూపాయలు. కంపెనీ ప్యాకెట్ కిలో 85, ఒకటి 3 రూపాయల 70 పైసలు. పొడి మిక్సు అరకిలో 140, 28 వచ్చినాయి, ఒకటి 5 రూపాయలు, పెరుగు వేరే. గడ్డకట్టిన ఇడ్లీ అన్నిటికంటే జాస్తి. అక్కకు అది డాలర్లలో, ఆమె గంట జీతంతో పోలిస్తే ఏమీ కాదు, కాబట్టి ఆమె నవ్వినది కూడా న్యాయమే.

కానీ గ్రైండర్‌తో కూడా కడగడం, నిలబడి చూడడం, తియ్యడం, మళ్ళా గ్రైండర్ కడగడం, అంతా కలిపి నాకు 70 నిమిషాలు చేతిపని పట్టింది. పక్కింటామె మావుతో పోలిస్తే 66 ఇడ్లీలకు మిగిలేది సుమారు 42 రూపాయలు. గంటకు సుమారు 36 రూపాయల కూలి అన్నమాట. రేషన్ బియ్యం ఉచితంగా వచ్చే ఇంట్లో అదే పనికి 95 రూపాయలు మిగులుతుంది, అక్కడ రుబ్బుకోవడానికి అర్థం ఉంది. కంపెనీ ప్యాకెట్‌తో పోలిస్తే నాకు కూడా ఉంది. అందుకే ఆదివారం రుబ్బుతున్నాను. మా ఆయన గ్రైండర్ కడుగుతాడు. ఊరికి పోయినప్పుడు మాత్రం పక్కింటామె దగ్గరే కొందామని అమ్మకు చెప్పినాను. అమ్మ సరే అనింది గానీ, పెద్దనాయన ముందు డబ్బా దాచిపెట్టింది.

1974 తర్వాతి పుస్తకాలు అటక మీద లేవు. తాత రాయడం ఆపలేదు, ఎవరి ఇంట్లోనో ఉన్నాయి. చిత్తూరు వాళ్ళ దగ్గర గానీ, హోసూరు చిన్నాయన పెట్టెలో గానీ ఉంటే పంగుని నెల పేజీలు ఫోటో తీసి పంపించండి. అవ్వ బీడీలు ఎప్పుడు మానేసిందో, అప్పటికి భుజం బాగుండిందా లేదా అనేది వాటిలోనే తెలుస్తుంది.