హాలీ సిక్కా నుంచి రిపుల్ దాకా

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు చరిత్ర రాజుల పేర్లతో కంటె దూరదేశం నుంచి వచ్చిన సొమ్ముతో చెబితేనే బాగా బోధపడుతుంది. కొడుకో పెనిమిటో ఎక్కడో చెమటోడ్చడం, ఆ కష్టార్జితం ఎవరి చేతుల మీదుగానో ఇల్లు చేరడం ఇక్కడ తరతరాల అనుభవం. మధ్యవర్తి అక్కరలేని డబ్బు అంటూ అవతరించిన క్రిప్టో కరెన్సీని, దాని ఆసరాతో ఎదిగిన రిపుల్ అనే కంపెనీని ఆ అనుభవంతో పోల్చి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే ఇంట్లో రెండు నాణేలు మెలగడం ఈ సీమకు కొత్త కాదు. నిజాం రాజ్యపు సొంత నాణెం హాలీ సిక్కా. బ్రిటిషు రూపాయి కల్దారు. 100 కల్దార్లు సుమారు 116 హాలీ రూపాయలకు సమానం. బొంబాయిలోని కామాఠీపురకు ఆ పేరు తెచ్చినది నిజాం రాజ్యం నుంచి వలసవెళ్లిన కూలీలే. అక్కడ కూలి కల్దారులో, ఊళ్లో ఖర్చు హాలీలో. నడుమ బట్టా పట్టుకొని మార్చి ఇచ్చే సాహుకారు. 1948లో హైదరాబాదు భారతదేశంలో కలిసింది. ఆ తరువాతి దశాబ్దంలో హాలీ సిక్కా క్రమంగా చెలామణి నుంచి తప్పుకొంది. నాణెం పోయినా దాని వెనుక ఒక ప్రభుత్వం మిగిలింది. పాతది పోయి కొత్తది రావడానికి గడువులూ నియమాలూ ఏర్పడ్డాయి.

1973లో చమురు ధరలు పెరిగాక గల్ఫు దేశాల ద్వారాలు తెరచుకున్నాయి. సిరిసిల్ల నేతగాండ్లు భివండీ మగ్గాలను వెదుక్కుంటూ పోగా, జగిత్యాల, కోరుట్ల పల్లెల యువకులు దుబాయి బాట పట్టారు. బ్యాంకు డ్రాఫ్టు చేరడానికి రోజులు పట్టే కాలంలో హుండీ విస్తరించింది. అక్కడ ఒకనికి దిర్హములిస్తే ఇక్కడ వేరొకడు ఇంటికి వచ్చి రూపాయలు లెక్కపెట్టి ఇస్తాడు. డబ్బు సరిహద్దు దాటదు, మాట దాటుతుంది. ఆ మాటకు ఆధారం తెలిసిన ముఖం. మాట తప్పితే ఫిర్యాదుకు తావు లేదు, ఎందుకంటే ఆ దారే చట్టవిరుద్ధం. చట్టబద్ధమైన దారిలో పెరిగినవి ఎక్స్చేంజి కంపెనీలు. 1980లో అబుదాబిలో పుట్టిన యూఏఈ ఎక్స్చేంజి వాటిలో పేరెన్నిక గన్నది.

ఇక రిపుల్ సంగతి. 2009లో బిట్‌కాయిన్ బ్యాంకులను కాదని మొదలైంది. 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఓపెన్‌కాయిన్ పేర పుట్టిన రిపుల్ అందుకు విరుద్ధంగా బ్యాంకుల వద్దకే వెళ్లింది. ఎక్స్‌ఆర్‌పీ అనే నాణేలను ఆదిలోనే పదివేల కోట్లు సృష్టించారు. వాటిలో అధికభాగం కంపెనీ చేతికి వచ్చింది. వాటిని అమ్మి పెట్టుబడి కూర్చుకుంటూ, బ్యాంకులకు సాఫ్ట్‌వేరు అమ్ముతూ కంపెనీ ఎదిగింది. 2017 నవంబరులో యాక్సిస్ బ్యాంకు రిపుల్ సాంకేతికతతో ఎమిరేట్స్‌లోని రాక్ బ్యాంకు ఖాతాదారులకు సత్వర చెల్లింపులు ప్రారంభించింది. 2018 ఫిబ్రవరిలో యూఏఈ ఎక్స్చేంజి రిపుల్ కూటమిలో చేరింది. గమనించవలసినదేమిటంటే, యాక్సిస్ సేవలో బ్యాంకుల నడుమ పరుగెత్తినది సమాచారమే గాని ఎక్స్‌ఆర్‌పీ నాణెం కాదు. హుండీలో వలెనే మాట దాటింది!

తరువాతి కథ ఒడుదుడుకులది. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు క్రిప్టో వ్యాపారులకు బ్యాంకు సేవలు నిలిపివేయించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. అదే నెలలో, మాతృసంస్థ లెక్కల్లో దాగిన అప్పులు బయటపడి యూఏఈ ఎక్స్చేంజి అక్కడి కేంద్రబ్యాంకు పర్యవేక్షణలోకి పోయింది. 2020 డిసెంబరులో అమెరికా నియంత్రణ సంస్థ రిపుల్‌పై దావా వేసింది. 2023 జూలైలో తీర్పు రెండు పక్షాలకూ చెరిసగంగా వచ్చింది, 12.5 కోట్ల డాలర్ల జరిమానాతో 2025 ఆగస్టులో వివాదం ముగిసింది. మన దేశంలో 2022 నుంచి క్రిప్టో లాభాలపై 30 శాతం పన్ను ఉంది. పన్ను వేయడం పూచీ పడడం కాదు.

ఈలోగా క్రిప్టో మన పల్లెలకు మరో రూపంలో వచ్చింది. గోదావరి అవతలి నిర్మల్ జిల్లాలో యూబిట్ కాయిన్ పేర సాగిన గొలుసుకట్టు వ్యవహారంపై 2024లో పోలీసులు కేసులు పెట్టి పలువురిని అరెస్టు చేశారు; వారిలో ప్రభుత్వోద్యోగులూ ఉన్నారు. నమ్మకంతో పనిలేని డబ్బు అని ప్రపంచానికి చాటిన వస్తువు, ఇక్కడ చుట్టరికాన్నీ, పరిచయాన్నీ, ఉద్యోగపు గౌరవాన్నీ పెట్టుబడిగా చేసుకొని అమ్ముడుపోయింది. హుండీవాని బలమైన తెలిసిన ముఖం మళ్లీ వచ్చింది గాని, ఇంటికి వచ్చి రూపాయలు లెక్కపెట్టే చేయి రాలేదు.

సాహుకారు, హుండీవాడు, ఎక్స్చేంజి, రిపుల్: మధ్యవర్తి పేరు మారింది గాని మధ్యవర్తి పోలేదు. కనుక కొత్త డబ్బును అడగవలసిన ప్రశ్న ఎంత వేగంగా వస్తావని కాదు, రాకపోతే ఎవరిని నిలదీయాలని. కల్దారు, హాలీల లెక్క నోటికి వచ్చిన పెద్దలు మీ ఇళ్లలో ఇంకా ఉంటే, వారి నోటి మాటలు నాలుగైనా రాసిపెట్టండి. ఈ ప్రశ్న వారికి మనకంటె ముందే తెలుసు.