పగడపు దిబ్బలను మేయు చిలుకచేప



నేను ముప్పదినాలుగేండ్లు పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. జీవశాస్త్రము నేను గురుముఖమున నభ్యసించిన విద్య కాదు. అయినను నేడు మీకొక చేప చరిత్రను విన్నవింప సాహసించుచున్నాను. ఇందులకు గారణము నా వ్రాతబల్లమీద నున్న యొక దవడయెముక.

నా పూర్వశిష్యుడొకడు శ్రీకాకుళపు తీరమునుండి అండమానుకు వలసపోయిన బెస్తకుటుంబమువాడు. కొన్నియేండ్ల క్రిందట అతడు మా యింటికి వచ్చి, గుడ్డమూట విప్పి, ఆ యెముకను నా ముందుంచెను. చూచుటకది చిలుకముక్కువలె వంగియున్నది. చేత బట్టుకొన్న రాతిముక్కవలె బరువుగా నున్నది. "పంతులుగారూ, పగడము సముద్రములో మొలచు చెట్టని తమరు మాకు జెప్పితిరి. ఆ చెట్టును నమలు పశువు పండ్లివి" యని నవ్వెను.

నాకు సిగ్గయినది. నేనట్లు చెప్పినమాట నిజమే. పగడమునకు సంస్కృతమున విద్రుమమని పేరు. విశిష్టమైన ద్రుమము విద్రుమము, ద్రుమమనగా చెట్టు, అని వ్యుత్పత్తి చెప్పి తృప్తినొందితిని. నిఘంటువును ముందిడుకొని సముద్రమును వర్ణించితిని గాని, సముద్రమెట్టిదో విచారింపనైతిని.

ఈ పొరపాటు నా యొక్కనిదే కాదు. ఐరోపాఖండమునందలి పండితులును మూడువందల యేండ్ల క్రిందట పగడమును మొక్కగానే యెంచుచుండిరి. మార్సేలు పట్టణపు వైద్యుడగు పేసొనెల్ అనునతడు 1725 ప్రాంతమున ఉత్తరాఫ్రికా తీరమున అప్పుడే తీసిన పగడపు కొమ్మలను సముద్రపు నీటితో నిండిన పాత్రలోనుంచి కనిపెట్టి చూచెను. అంతవరకు పూవులనబడుచుండినవి ముట్టినంతనే ముడుచుకొని, కొంతసేపటికి మరల విచ్చుకొనుచుండెను. ఇవి పూవులు గావు, ప్రాణులు అని యాతడు పారిసునందలి విద్వత్సభకు వ్రాసిపంపెను. ఆ సభలో బెద్దయగు రేయోమూర్ దీనిని నమ్మలేదు. ఇట్టి మాట చెప్పినవాడు నగుబాటుపాలగునని జాలిపడి, కర్త పేరు చెప్పకయే ఆ యభిప్రాయమును సభలో వినిపించెను. పదునైదేండ్లు గడచినపిమ్మట ట్రెంబ్లే యనునతడు మంచినీటి గుంటలలో మొక్కలను బోలిన చిన్న ప్రాణులను జూపగా, రేయోమూరే తన పొరపాటును బహిరంగముగా నొప్పుకొనెను. అట్టి పెద్దవారొప్పుకొన్న దానిని నేనొప్పుకొనుటకేల సందేహింపవలెను?

మన స్త్రీలు హారములలో గ్రుచ్చుకొను ఎఱ్ఱని పగడము ముఖ్యముగా మధ్యధరాసముద్రపు లోతులనుండి వచ్చునది. రోమకులు మన ముత్యములను ఎంత ప్రియముగా జూచుకొందురో, హిందూదేశస్థులు పగడమును అంత ప్రియముగా జూచుకొందురని క్రీస్తుశకము మొదటి శతాబ్దివాడగు ప్లినీ వ్రాసెను. నేను చెప్పబోవు చేప తినునది ఆ పగడము కాదు. దాని యాహారము దిబ్బలు కట్టు పగడము. గోరంతయు లేని ప్రాణులు కోట్లకొలది యొకచోట జేరి, తమ శరీరములనుండి సున్నపురాతిని స్రవింపజేసి, దానిమీద వసించుచు, తరతరములుగా గోడవలె పెంచుకొనిపోవును. వాని యొడలిలో సూక్ష్మమైన పాచి నివసించి, సూర్యరశ్మితో నాహారము సిద్ధపఱచి పెట్టుచుండును. కావున వానికి వెచ్చని తేటనీరును, ఎండయు గావలయును. మన గోదావరీ కృష్ణానదులు ఏటేట ఒండ్రుమట్టిని సముద్రమున గలుపుచుండుటచే మన తీరమున నట్టి దిబ్బలేర్పడలేదు. మన పొలములను బండించు మట్టియే వానికి బ్రతుకుదెఱువు లేకుండ జేసినది. అండమాను నికోబారు దీవులచెంతను, లక్షద్వీపములందును, మన్నారు సింధుశాఖయందును, కచ్ఛసింధుశాఖయందును అవి గలవు.

ఇక చేప మాట. చిలుకచేపలను గూర్చి పురాతనమైన వాక్యము క్రీస్తుపూర్వము 4వ శతాబ్దియందలి గ్రీకు తత్త్వవేత్త యరిస్టాటిలుది. చేపలన్నిటిలో 'స్కారస్' అనునదొక్కటియే పశువువలె నెమరువేయునట్లు కనబడునని యాతడు వ్రాసెను. అది మధ్యధరాసముద్రపు జాతి. పాచిని మేయునదేగాని పగడమును దినునది కాదు. రోమకులకు దానిమీద మక్కువ మెండు. క్లాడియసు చక్రవర్తి కాలమున నౌకాసేనాధిపతి యొకడు తూర్పుసముద్రమునుండి యీ చేపలను దెప్పించి ఇటలీతీరమున విడిపించెననియు, అయిదేండ్లవఱకు వలలో బడినవానిని మరల నీటిలోనికే వదలవలెనని కట్టడిచేసిరనియు ప్లినీ వ్రాసియున్నాడు. తిండిపోతుతనమునకైనను అంతటి నిగ్రహముండినది!

పదునెనిమిదవ శతాబ్దిలో డెన్మార్కు రాజు అరేబియాదేశమునకు బంపిన పండితబృందములో ఫోర్స్కాల్ అను యువకుడుండెను. ఎఱ్ఱసముద్రపు చేపలను బట్టి, వాని చర్మమును సగముగా నొలిచి, ఎండబెట్టి, ఆకులను అంటించునట్లు కాగితములమీద నంటించెను. ఆ కాగితములు నేటికిని కోపెన్‌హేగను నగరమున భద్రముగా నున్నవి. అచటి జాలరులు ఏ పేరుతో బిలిచెడివారో ఆ యరబ్బీ పేళ్లనే యాతడు కొన్నింటికి శాస్త్రనామములుగా నుంచెను. 'హరీద్', 'ఘొబ్బాన్' అనునవి యట్టివి. 1763లో యెమెను దేశమున మలేరియా జ్వరముచే నతడు ముప్పదియొకటవ యేట మరణించెను. ఆ బృందమున బ్రతికి మరలివచ్చినవాడు నీబూర్ ఒక్కడే. మిత్రుని వ్రాతలను 1775లో నాతడే యచ్చువేయించెను. దిబ్బలమీది చిలుకచేపలకు 'స్కారస్' అను జాతినామము శాస్త్రమున స్థిరపడినది ఆ గ్రంథమువలననే. మన విశాఖపట్టణమున నివసించిన రస్సెల్ దొరయు, ఇట్లే అచటి బెస్తలవలన దెలుగుపేళ్లు విని, రెండువందల చేపల చిత్రములతో 1803లో లండనున గ్రంథము ప్రకటించెను. చదువురానివారని మనము తీసివేయు జాలరులు పండితులకు గురువులైరి. ఇది మాత్రము నాకు మిక్కిలి నచ్చిన సంగతి.

1836 ఏప్రిలు మొదటి తేదీన 'బీగిల్' అను ఓడ హిందూమహాసముద్రమునందలి కీలింగు దీవులను జేరెను. అందు ఇరువదియేడేండ్ల చార్లెసు డార్విను గలడు. లీస్కు అను ఆంగ్లేయుడు, ఆ దీవివాసి, ఈ చేపలు మందలుగా వచ్చి పగడపు కొమ్మల కొనలను మేయుచుండుట తాను పలుమారులు చూచితినని డార్వినునకు జెప్పెను. డార్విను విని యూరకుండక, కొన్ని చేపలను గోసి చూచెను. వాని ప్రేగులనిండ పసుపువన్నె సున్నపుబురద నిండియుండెను. పగడము తినబడి, నలిగి, బురదయై సముద్రపుటడుగున బేరుకొనుచున్నదని యాతడూహించెను. మఱుసటి యేడు లండనులో వానపాములు నేలను సారవంతము చేయు తీరును గూర్చి యుపన్యసించుచు ఈ చేపలను స్మరించి, ఐరోపాయందలి సుద్దకొండలలో జాలభాగమును సముద్రజంతువులే యిట్లు పగడమును జీర్ణించుకొని చేసియుండునని యనెను. సుద్ద విషయమున నాతడు పొరబడెను. అది ముఖ్యముగా కంటికి గానరాని పాచికణముల కవచములవలన నేర్పడినది. బ్రతుకంతయు సుద్దతో వ్రాసి చెరిపిన నాకు ఇదియును ఆలస్యముగానే తెలిసినది. ఇసుక విషయమున మాత్ర మాతని యూహ తప్పు కాలేదు. మాల్దీవులలోని యొక దీవిచుట్టు శాస్త్రజ్ఞులు కొలిచి 1915లో గాదు, 2015లో ప్రకటించినదానినిబట్టి, అచట గ్రొత్తగా బుట్టు ఇసుకలో నూటికి 85 పాళ్లకు మించి చిలుకచేపల కడుపునుండి వెలువడినదే. ఆ దీవులవారు ఇండ్లు కట్టుకొని కాపురముండు నేల అట్టిది!

ఈ కులమున సుమారు నూరు జాతులు గలవు. పెక్కింట జిన్ననాడు ఆడుదైయున్న చేప, పెద్దదై మగదిగా మాఱి రంగును మార్చుకొనును. ఇందుచే పూర్వులు ఒకే చేపకు రెండుమూడు పేళ్లు పెట్టిరి. అన్నిటిలో బెద్దది బుడిపెనొసటి చిలుకచేప. 1840లో వాలాంసియెన్ అను ఫ్రెంచి పండితుడు దీనిని వర్ణించెను. ఇది నాలుగడుగులకు మించి పెరుగును, నలువదియాఱు కిలోల బరువు తూగును, నలువదియేండ్లు బ్రదుకును. ముందుపండ్లు ముక్కువలె నతుకుకొని యుండును. గొంతులో, మొప్పల వెనుక, మఱియొక దవడజత గలదు. అది మన తిరుగలివంటిది. ముక్కుతో గొఱికిన రాయి ఆ తిరుగలిలో బడి పిండియగును. జీర్ణకోశము ప్రత్యేకముగా లేదు. అరిస్టాటిలు నెమరు అనుకొన్నది బహుశః ఈ గొంతుదవడ కదలికయే కాబోలు. ఆస్ట్రేలియాయందలి మహాపగడశ్రేణిపై లెక్కించి 2003లో తెలిపినదేమనగా, ఇట్టి చేప యొక్కటి యేటికి అయిదు టన్నులకు మించిన దిబ్బరాతిని గొఱుకును. అందు సుమారు సగము సజీవమైన పగడమే.

అట్లైన ఇది దిబ్బలకు శత్రువా? నేనును మొదట నట్లే తలచితిని. పసిఫిక్ సముద్రమున పాల్మైరా యను దీవియందు పరిశీలించి 2014లో ప్రకటించినవారు రెండు పక్షములను జూపిరి. ఇది పగడమును దగ్గించును. కాని పగడమును గప్పివేయు నాచునుగూడ దగ్గించును. అది విఱిచిన ముక్కలు కొన్ని దూరముగా బడి పాతుకొనును. మేకలను దోటలో విడిచిన తోట నశించును. మేకలే లేని యడవి ముండ్లపొదలతో నిండును. ఎంతమేఱకను లెక్కయే ముఖ్యము.

నొసటి బుడిపె పగడమును బగులగొట్టుటకని పూర్వము చెప్పుచుండిరి. వేట నిషిద్ధమైన వేక్ దీవియొద్ద మగచేపలు పొట్టేళ్లవలె ఎదురెదురుగా వచ్చి తలలు ఢీకొనుట చూచి, 2012లో ఆ వృత్తాంతము ప్రకటించిరి. ఆ తాకిడి చప్పుడు నీటిలో వినబడునట! ఇంత పెద్ద ప్రాణి యింత బాహాటముగా చేయు పనిని శాస్త్రజ్ఞులు అంతవఱకు వర్ణింపకుండుట యెట్లనగా, తక్కినచోట్ల నవి పోట్లాడుకొనునంత సంఖ్యలో మిగులలేదు.

మిగులకుండుటకు గారణము వాని నిద్ర. పగలు మందగా దిరుగుచు మనుష్యుని అల్లంతదూరముననే పసిగట్టి పాఱిపోవును. రాత్రి లోతులేని నీట గుంపుగా నిద్రించును. సాలమను దీవులలో నీటిలో వెలుగు విద్యుద్దీపములు వచ్చినది మొదలు, వేటగాండ్రు మునిగి, నిద్రించు చేపలను ఒకదానివెంట నొకటిగా ఈటెలతో బొడువసాగిరి. ఫిజీయందలి లావు దీవులలో నిద్దఱు పరిశోధకులు వృద్ధజాలరులను బ్రశ్నించి 2004లో వ్రాసిన వ్రాతలో, కొన్ని దీవులచెంత నీ చేప బొత్తిగా గానరాకపోయినదని యున్నది. అచట లెక్కలు లేవు, పుస్తకములు లేవు. ముసలివారి జ్ఞాపకమే సాక్ష్యము. దానికి దోడు, సాలమను దీవులలో కొండలమీది చెట్లు నఱుకగా వానకు గొట్టుకొనివచ్చిన మన్ను, ఈ చేపపిల్లలు పెరుగు తీరపు పగడములను గప్పివేయుచున్నదని 2017లో దెలిపిరి. గొడ్డలి కొండమీద, చావు కడలిలోన. 2007 మొదలు ఈ జాతిని ముప్పునందున్నవాని పట్టికలో జేర్చియున్నారు.

నా శిష్యుడు సెలవు దీసికొనునపుడు, ఇట్టి చేపల నెన్నింటిని జూచితివని యడిగితిని. "మా నాయనగారు నలువదింటి మందను జూచినారట. నేను చూచినది ఈ యొక్కటే, పంతులుగారూ" యని, కొంత తడవూరకుండి, "దీనిని బట్టినదియు నేనే" యనెను.